ఖండోబా శునకమునకు చలి లేదా?
మార్గశిర బహుళ చతుర్దశినాడు నాందేడు జిల్లా లోహా తాలూకాలోని మాళేగావున ఖండోబా జాతర ఆరంభమగు వేళకు గోదావరీ ప్రాంతమున చలి బాగుగనే ముదిరియుండును. మన మల్లన్నకు సోదరప్రాయుడైన ఆ దేవుని వెంట శునకమును చిత్రించి దానికిని మ్రొక్కెడి జనులే, ఇంటి వాకిట వణకుచున్న కుక్కను జూచి "దానికి బొచ్చున్నదిగదా" యని తలుపు మూసికొందురు. ఈ మాటలో సగమే సత్యము. శునకపు పాదములలో ధమనులును సిరలును ఒండొంటి నానుకొనియుండి, దిగివచ్చు వెచ్చని రక్తము మరలిపోవు చల్లని రక్తమును కాచి పంపుటచే, అది మంచుపై నడచియు దేహోష్ణమును అంతగా కోల్పోదు. 1911లో నార్వే అన్వేషకుడు ఆముండ్‌సెన్ దక్షిణధ్రువమునకు 52 గ్రీన్‌లాండ్ కుక్కలతో బయలుదేరగా తిరిగివచ్చినవి 11 మాత్రమే. తక్కినవానిలో పెక్కింటిని చంపినది మంచు కాదు, ముందుగనే లెక్కగట్టిన మనుష్యుల భోజనప్రణాళిక! అయినను ఆ కుక్కలకు రెండు పొరల దట్టమైన రోమముండెను. మన దక్కను పీఠభూమి కర్వానీ వేటకుక్కకో, పొట్టి వెండ్రుకలు, క్రొవ్వెరుగని సన్నని మేను, పొడవైన కాళ్లు. ఎండలో కుందేలును తరుముటకు ఏర్పడిన ఆ దేహమే పుష్యమాసపు తెల్లవారుజామున దానికి శత్రువగుచున్నది. కూనలును ముసలివియు మరింత త్వరగా కుంగిపోవును. యజమానుని కంబళిలో సగమిమ్మని నేననను. నేల చలి సోకకుండ పొడి గోనెసంచియు, గాలికడ్డముగ నొక తడికయు, రాత్రి మరియొక రొట్టెయు చాలును.