కరెంటు పనికి రెండో కన్ను

ఇంగ్లండ్‌లో సొంతంగా పని చేసుకునే ఎలక్ట్రీషియన్ దగ్గరికి సాధారణంగా ఏడాదికోసారి ఒక అసెసర్ వస్తాడు. ఎన్‌ఐసీఈఐసీ, నాపిట్ లాంటి సంస్థల్లో పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఇది తప్పదు. వచ్చినాయన ముందు కాగితాలు చూస్తాడు, ఇన్సూరెన్స్ చూస్తాడు, మీటర్లు బయటపెట్టమంటాడు. తర్వాత ఈమధ్య పని చేసిన ఇంటికి తీసుకెళ్లమంటాడు. అక్కడ బోర్డు మూత తీయించి, టెస్టులు చేయించి, పక్కనే నిలబడి ప్రశ్నలు వేస్తాడు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాడికైనా ఇదే వరస. ఆ తేదీ దగ్గర పడేకొద్దీ ఇంట్లో కాగితాల వేట మొదలవుతుంది. రాయాల్సిన సర్టిఫికెట్లు రాత్రి పూట కూర్చుని రాస్తారు, కాలిబ్రేషన్ తేదీ దాటిన మీటర్‌ని హడావుడిగా పంపిస్తారు.

ఆ కంగారు నాకు అర్థమవుతుంది. అయితే గట్టెక్కడానికి చేసే తయారీ ఒకటి, పనికొచ్చే తయారీ ఇంకొకటి. ఒంటరిగా పనిచేసే ఎలక్ట్రీషియన్ పనిని పని తెలిసిన మరో మనిషి చూసే రోజు ఏడాది మొత్తంలో అదొక్కటే. ఆ రోజుని గండంగా భావించి దాటేస్తే నష్టపోయేది అతనే. అతని తర్వాత, ఆ ఇళ్లలో ఉండేవాళ్లు.

ఈ ఏర్పాటు ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. ఇంగ్లండ్, వేల్స్ భవన నిబంధనల్లో పార్ట్ పి అనే భాగం 2005 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇళ్లలో కరెంటు పనికి అప్పటిదాకా లేని చట్టపు లెక్క మొదలైంది అప్పుడే. దానికి ముందు సంవత్సరం లండన్‌లో ఒక ఎంపీ కూతురు తన వంటింట్లోనే షాక్ కొట్టి చనిపోయింది. గోడలో నిలువుగానో అడ్డంగానో వెళ్లాల్సిన వైరు ఏటవాలుగా వెళ్లింది. గరిటెలు తగిలించే ఇనుప స్టాండు కోసం గోడకు బిగించిన స్క్రూ ఆ వైరులో దిగింది. పైకి అంతా బాగానే ఉంది. ఆ ఇంట్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

పార్ట్ పి కింద ప్రధానంగా రెండు దారులున్నాయి. కొత్త సర్క్యూట్ వేయాలన్నా, కన్స్యూమర్ యూనిట్, అంటే మన డీబీ బాక్స్, మార్చాలన్నా ముందుగా స్థానిక కౌన్సిల్‌కి చెప్పి, రుసుం కట్టి, వాళ్ల తనిఖీ కోసం ఎదురుచూడాలి. గుర్తింపు పొందిన సంస్థలో నమోదైన ఎలక్ట్రీషియన్ అయితే ఇదేమీ అక్కర్లేదు. పని తనే చేసి, పరీక్షలు తనే జరిపి, బాగుందని సర్టిఫికెట్ తనే రాస్తాడు. కౌన్సిల్‌కి సమాచారం సంస్థ ద్వారా వెళ్తుంది. చేసినవాడే తన పనికి పూచీ రాసుకోవడం మామూలు హక్కు కాదు. ఇంత నమ్మకాన్ని ఒక మనిషి చేతిలో పెట్టినప్పుడు ఏడాదికొకసారి వచ్చి చూడటం ఎక్కువేమీ కాదు, తక్కువే.

వైరింగ్ తప్పులు కంటికి కనబడవు. ఈ విషయంలో బ్రిటన్ ఇళ్ల రింగ్ సర్క్యూట్‌ని మించిన ఉదాహరణ లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాగి కొరతలో పుట్టిన పద్ధతి అది. వైరు ఒక బ్రేకర్ దగ్గర బయల్దేరి, సాకెట్లన్నీ చుట్టి, తిరిగి అదే బ్రేకర్ దగ్గరికి వస్తుంది. ఏ సాకెట్‌కైనా కరెంటు రెండు వైపుల నుంచీ అందుతుంది కాబట్టి సన్నని వైరుకే 32 యాంప్ బ్రేకర్ పెట్టగలుగుతారు. ఇప్పుడు ఒక సాకెట్ వెనక ఒక తీగ ఊడిందనుకోండి. రింగ్ తెగింది. కానీ సాకెట్లన్నీ పనిచేస్తూనే ఉంటాయి, ఎందుకంటే రెండో వైపు నుంచి కరెంటు వస్తూనే ఉంది. రెండు చేతులు మోయాల్సిన బరువు ఒక్క చేతి మీద పడింది, అంతే. బ్రేకర్‌కి ఆ సంగతి తెలియదు. కెటిల్, వాషింగ్ మెషిన్, హీటర్ ఒకేసారి వేసినప్పుడు వైరు వేడెక్కుతుంది. ఇంటావిడకు తెలియదు. టీవీ ఆడుతోంది కదా అంటుంది. ఎలక్ట్రీషియన్‌కి తెలియాలంటే బోర్డు దగ్గర రింగ్ రెండు కొసలూ విప్పి మీటర్ పెట్టి కొలవాలి. కొలవకుండా సర్టిఫికెట్‌లో అంకె రాసేస్తే ఆ అబద్ధం గోడలో ఏళ్ల తరబడి దాక్కుంటుంది.

ఇలాంటి అంకెలు చదవడంలోనే మంచి అసెసర్ పనితనం తెలుస్తుంది. ఎర్త్ ఫాల్ట్ లూప్ విలువ, అంటే ఫాల్ట్ కరెంటు ఎర్త్ గుండా తిరిగొచ్చే దారి నిరోధం, పన్నెండు సర్క్యూట్లకూ ఒకటే రాసి ఉంటే, అది వ్యానులో కూర్చుని నింపిన కాగితమని ఆయనకు క్షణంలో తెలుస్తుంది. పక్కగది సాకెట్‌కీ మేడ మీద చివరి లైటుకీ తీగ పొడవు ఒకటే ఎలా అవుతుంది? బయటి నుంచి వచ్చే లూప్ విలువకు సర్క్యూట్‌లోని తీగల నిరోధం కలిపితే మొత్తం దాదాపు సరిపోవాలి. బి రకం 32 యాంప్ బ్రేకర్‌కి ఆ మొత్తం 1.37 ఓంలు దాటకూడదు. దాటితే ఫాల్ట్ వచ్చినప్పుడు బ్రేకర్ వేళకు పడదు. ఈ లెక్క బట్టీ పట్టనక్కర్లేదు, పుస్తకం దగ్గర ఉంటే చాలు. కానీ 1.37 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే చెప్పగలగాలి. చెప్పలేనివాడు ఏడాదంతా పోల్చకుండానే అంకెలు రాశాడని నేను అనుకుంటాను.

అసెస్‌మెంట్‌లో అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడే చోటు సరఫరా ఆపే పద్ధతి. స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఓల్టేజ్ చూపే పరికరాన్ని ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి పనిచేస్తోందో లేదో చూడాలి. తర్వాత ముట్టుకోబోయే తీగల మధ్య, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ, ఫేజ్‌కీ ఎర్త్‌కీ, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ చూడాలి. చివర్లో పరికరాన్ని మళ్లీ తెలిసిన చోట పెట్టి, ఈలోగా అది చెడిపోలేదని నిర్ధారించుకోవాలి. అన్నీ చేస్తే రెండు నిమిషాలు. పని హడావుడిలో ముందుగా ఎగిరిపోయేది ఆ చివరి అడుగే. దీన్ని అసెస్‌మెంట్ వారంలో సాధన చేస్తే చెయ్యి వణుకుతుంది. రోజూ చేసేవాడి చెయ్యి వణకదు, ఎవరు చూస్తున్నా సరే.

ఇక్కడ మన స్క్రూడ్రైవర్ టెస్టర్ గురించి చెప్పకుండా ఉండలేను. మన ఇళ్లలో, మన వైర్‌మన్ల జేబుల్లో ఉండేది అదే. అందులోని చిన్న నియాన్ దీపం వెలగాలంటే కొద్దిపాటి కరెంటు పట్టుకున్న మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోవాలి. రబ్బరు చెప్పులతో చెక్క బల్ల మీద నిలబడినా, పట్టపగలు ఎండలో ఉన్నా వెలుగు సరిగా కనబడదు. టెస్టరే పాడైతే ఇక అడిగేవాడు లేడు. వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకుని తీగ పట్టుకుంటారు. నియాన్ టెస్టర్‌ని నమ్మి తీగ ముట్టుకోవద్దని బ్రిటన్‌లో ఎలక్ట్రీషియన్లకు శిక్షణలోనే చెప్తారు. కారణం ఇదే.

మీటర్ల సంగతి త్వరగా ముగిస్తాను. ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కి పంపి సర్టిఫికెట్ తెచ్చుకోవడం చాలామంది చేసే పని. కానీ మీటర్ పంపిన మర్నాడే కింద పడొచ్చు. అందుకని జాగ్రత్తపరులు విలువ తెలిసిన రెసిస్టర్లున్న చిన్న పెట్టె ఒకటి దగ్గర పెట్టుకుని, నెలకోసారి మీటర్‌తో కొలిచి ఒక పుస్తకంలో రాసుకుంటారు. ఇంట్లో ఒకే సాకెట్ దగ్గర ప్రతి నెలా లూప్ టెస్ట్ చేసి రాసుకునేవాళ్లూ ఉన్నారు. అంకె పక్కకు జరగడం మొదలైతే తప్పు మీటర్‌దేనేమో చూడాలని అదే చెబుతుంది. ఖర్చు దాదాపు లేదు. అసెసర్ ముందు ఆ పుస్తకం తెరిస్తే వేరే మాట అక్కర్లేదు.

ఇక నిబంధనల పుస్తకం. బ్రిటన్ వైరింగ్ నిబంధనలు 1882లో, ఎలక్ట్రిక్ దీపాల వల్ల మంటలు రాకుండా చూసుకోవడానికి రాసుకున్న కొద్ది పేజీల నియమాలుగా మొదలయ్యాయి. ఇప్పుడవి బీఎస్ 7671 అనే లావుపాటి గ్రంథం. 18వ ముద్రణ 2018లో వచ్చింది. 2022లో వచ్చిన సవరణతో, కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీడీని (మన దగ్గర ఆర్‌సీసీబీ) పరీక్షించే తీరే మారింది. 2024 సవరణ చిన్నది గానీ ముఖ్యమైనది. సోలార్ పలకలు, బ్యాటరీలు ఉన్న ఇంట్లో కరెంటు ఒకవైపే ప్రవహించదు. ఇంటి నుంచి బయటికీ పోతుంది. ఒకవైపు నుంచే సరఫరా వస్తుందని తయారుచేసిన బ్రేకర్‌ని అలాంటి చోట బిగిస్తే అవసరమైనప్పుడు అది పనిచేయకపోవచ్చు. పదేళ్ల కిందట పని నేర్చుకున్నవాడికి ఈ ఇబ్బంది ఎదురయ్యే ఉండదు. పెద్ద కంపెనీలో పనిచేసేవాడికి ఎవరో ఒకరు చెప్తారు. ఒంటరిగా చేసేవాడు తనే చదవాలి. లేదా అసెసర్ అడిగినప్పుడు తెలుసుకోవాలి. పీఎం సూర్యఘర్ పథకం కింద మన ఊళ్లలోనూ మిద్దెల మీద సోలార్ పలకలు లేస్తున్నాయి గనక ఇది అక్కడి గొడవని పక్కన పెట్టలేం.

ఈ ఏర్పాటులో లోపాలు లేవా అంటే ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది, అసెసర్‌కి ఏ పని చూపించాలో సాధారణంగా ఎలక్ట్రీషియనే ఎంచుకోవడం. ఏడాదిలో ఎన్నో ఇళ్లలో పనిచేసి, అందులో శుభ్రంగా వచ్చిన ఒకటి రెండింటికి తీసుకెళ్తాడు. శుక్రవారం సాయంత్రం చీకటి పడ్డాక అటక మీద తొందరగా ముగించిన పనిని ఎవరూ చూడరు. ఏటా కొన్ని వందల పౌండ్లు కట్టించుకుని చూసేది ఇంతేనా అని అక్కడి ఎలక్ట్రీషియన్లు గొణగడంలో న్యాయం ఉంది. పంపిన సర్టిఫికెట్ల జాబితాలోంచి ఏ ఇల్లు చూడాలో సంస్థే ఎంచుకోవాలని నేననుకుంటాను. జాబితా వాళ్ల దగ్గరే ఉంది.

అది మారేదాకా ఎలక్ట్రీషియన్ చేతిలో ఉన్నదొకటుంది. శుభ్రంగా వచ్చిన పనితో పాటు అనుమానం మిగిలిన పనినీ చూపించొచ్చు. పాత ఇంట్లో ఎర్త్ కొలత అంచుల్లో వచ్చింది, ఆ రోజు నిర్ణయం తీసుకుని ముందుకెళ్లాను, మీరైతే ఏం చేసేవాళ్లని అడగొచ్చు. అసెసర్లలో చాలామంది ఒకప్పుడు పనిముట్ల సంచీ మోసినవాళ్లే. అలా అడిగినవాడిని చిన్నచూపు చూసే అసెసర్ ఉంటే తప్పు ఆయనది. నా దృష్టిలో అసలైన తయారీ అంటే ఆ ప్రశ్నల చీటీ. ఏడాది పొడవునా పని మధ్యలో తట్టిన సందేహాలు ఒక పుస్తకం చివరి పేజీలో రాసుకుంటే చాలు.

మన వైపు చూస్తే ఈ రెండో కన్ను కనిపించదు. చట్టంలో లేదని కాదు. కరెంటు పని లైసెన్సున్న కాంట్రాక్టర్ చేయించాలని, యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజర్ పర్యవేక్షించాలని, చేసేవాడికి పర్మిట్ ఉండాలని మన నిబంధనలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాయి. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సూ ఉంది. కానీ పర్మిట్ ఒకసారి చేతికొచ్చాక, ఇంటింటికీ తిరిగి గీజర్లు, మోటార్లు, ఇన్వర్టర్లు బిగించే వైర్‌మన్ చేసిన పనిని అతని ఎదుటే ఇంకొకరు పరీక్షించిన రోజు అతని బతుకులో ఒక్కటీ ఉండకపోవచ్చు. అతనికి పని నేర్పింది మేస్త్రీ. మేస్త్రీ పొరపాటు చేస్తే ఆ పొరపాటూ వారసత్వంగా వస్తుంది. దేశంలో ఏటా పది వేలమందికి పైగా కరెంటు షాక్‌తో చనిపోతున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెబుతున్నాయి. వర్షాకాలం మొదలైతే తడిగోడ, బట్టలారేసే తీగ, బోరు మోటారు వార్తలు జిల్లా పేజీల్లో ఆగకుండా వస్తాయి.

బ్రిటన్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టాలని నేననను. వందల పౌండ్ల ఫీజు మన వైర్‌మన్ కట్టలేడు, కట్టమనడం అన్యాయం. కానీ పర్మిట్ రెన్యూవల్ చేసే సమయంలో రుసుం రసీదుతో పాటు ఒక ఇంటి పనిని చూడొచ్చు. ఐటీఐల్లో బోధకులున్నారు, ల్యాబులున్నాయి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్లున్నాయి. వైర్‌మన్లను ఏడాదికో పూట ఉచితంగా పిలిచి, వాళ్ల చేత సరఫరా ఆపించి, ఎర్త్ కొలిపించి, ఆర్‌సీసీబీ నొక్కించి చూడటానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఆ రోజు కూలీ పోతుంది కాబట్టి దినభత్యం ఇవ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ తనిఖీ శాఖలూ, డిస్కంలూ ఒక్కో జిల్లాలో ఒక ఐటీఐతో మొదలుపెట్టి చూడొచ్చు.

ఈలోగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు వైర్‌మన్‌ని ఒక కాగితం అడగండి. ప్రతి సర్క్యూట్‌కీ ఇన్సులేషన్ ఎంత వచ్చింది, ఎర్త్ ఎంత వచ్చింది, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీసెకన్లలో పడింది. చివరి డబ్బు లెక్క చూసే రోజునే అడగండి. మీటర్ లేదంటే ఉన్నవాణ్ణి ఒక పూటకు పిలిపించి, ఆ ఖర్చు మీరే పెట్టుకోండి. ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్లలో ఉంటున్న మన పిల్లలు కూడా ఇంటి ఓనర్ దగ్గర ఐదేళ్లకోసారి జరగాల్సిన కరెంటు తనిఖీ నివేదిక కాపీ అడిగి తీసుకోవాలి. ఇంట్లో దిగేముందే అది ఇవ్వాలని 2020 నుంచి అక్కడి చట్టమే చెబుతోంది.