శ్రీకూర్మం అంటే తాబేళ్ళేనా?

మన ఆఫీసుల్లో ఎవరైనా శ్రీకాకుళం వెళ్ళొచ్చారంటే ఫోటోలు మూడు రకాలు. అరసవల్లి గుడి, కళింగపట్నం లైట్‌హౌసు, శ్రీకూర్మం తాబేళ్ళు. మూడోదాని మీదే నా పేచీ.

శ్రీకూర్మం గార మండలంలో ఉంది, శ్రీకాకుళానికి పదిహేను కిలోమీటర్ల లోపే. గుడి పక్కనే శ్వేతపుష్కరిణి. స్వామి పడమటికి తిరిగి ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. పోయినవాళ్ళ అస్థికలు ఈ నీళ్ళలో కలిపితే కాశీలో కలిపినట్టేనని నమ్మకం. అందుకే ఇక్కడికొచ్చే జనం అందరూ టూరిస్టులు కారు, సగం మంది గుండు చేయించుకుని పిండాలు పెట్టడానికి వచ్చినవాళ్ళు. కొబ్బరికాయలూ, నువ్వులూ, దర్భలూ, పూలూ, టిఫినూ, ఆటో... ఊరి బేరాలన్నీ ఆ చెరువు చుట్టూనే. ఫాల్గుణ పున్నానికి డోలోత్సవమైతే ఇక చెప్పక్కర్లేదు.

ఇది నిన్నా మొన్నటి వ్యాపారం కాదండీ. ఆ లెక్కలు గుడి స్తంభాల మీదే ఉన్నాయి, అదీ తెలుగులో. ఫలానా శకవర్షంలో ఫలానావాడు అఖండదీపానికి శ్రీభండారంలో ఇన్ని గండమాడలు పెట్టాడు, ఆ దీపం చూసుకునేవాడికి రోజూ ఇంత ప్రసాదం. ఇలాంటివి ఒకటీ రెండూ కాదు, వరసగా. మన భాషలో చెప్పాలంటే ట్రాన్సాక్షన్ లాగ్. కలపడమే గానీ డిలీట్ లేదు :) కళింగాన్ని ఏలడంలో చేయి ఉన్న మధ్వ గురువు నరహరి తీర్థులు 1281లో వేయించిన శాసనం కూడా ఇక్కడిదే.

మనం మాత్రం ఆ స్తంభానికి ఆనుకుని తాబేలుకి ఫోటో తీస్తాం. నక్షత్ర తాబేళ్ళకి 1972 వన్యప్రాణి చట్టం అండగా ఉంది. ఒకటి చచ్చిపోతే పేపర్లో వస్తుంది, రావాలి కూడా. స్తంభం మీద ఒక వరస అరిగిపోతే? మన గుళ్ళలో శాసనాల మీద సున్నం కొట్టడం, ట్యూబులైటు కోసం మేకు దిగ్గొట్టడం మనకి కొత్తా?

అదృష్టం ఏంటంటే ఈ శాసనాల పాఠాలు 1925లోనే దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటంలో అచ్చయ్యాయి. స్కాన్లు నెట్‌లో దొరుకుతాయి. కానీ పేజీ బొమ్మని చూసి ఎవడు వెతుక్కుంటాడు? యూనికోడులో టైపు చేసి, శకవర్షం, దాత, సొమ్ము, దేనికిచ్చాడు అని నాలుగు కాలమ్‌లు పెడితే పిల్లలు కూడా వెతకగలరు. కంపెనీలో ఇంతకన్నా పనికిరాని డేటా ఎంత ఎక్కించలేదూ! ముందు ఓసీఆర్ చేసి తర్వాత దిద్దుకుందాం అంటారా, సరే. దిద్దడానికైనా మనిషి కావాలి, పాత తెలుగు కదా. నేను వారానికి ఒక పేజీ ఒప్పుకుంటున్నా.

శ్రీకాకుళం వైపు ఉన్నవాళ్ళు ఇంకో సాయం చెయ్యొచ్చు. అచ్చులో ఉన్న శాసనాల్లో ఏది ఇవాళ్టికీ కనబడుతోందో స్తంభం దగ్గర నిలబడి సరిచూడాలి. అక్షరాలు చెయ్యిపెట్టి రుద్దొద్దు. ఫోను టార్చి ఎదురుగా కొడితే ఏమీ కనబడవు, పక్కనుంచి వాలుగా వెయ్యండి. నీడ పడి గీతలు తేలతాయి. వెళ్ళేముందు గుడివాళ్ళని ఒక మాట అడగండి.