మొహమాటం లేని రెండో కన్ను

తన చేత్తో చేసిన వస్తువులో లోపం తనకి అంత తొందరగా కనబడదు. కూరలో ఉప్పు సంగతి వండినవాళ్ళకంటే తిన్నవాళ్ళకే ముందు తెలుస్తుంది. ఇందులో వాదించడానికేముంది అనుకుంటాం కదా? మా ఇంట్లో మాత్రం దీనిమీద నెల రోజులు వాదన నడిచింది. అదీ కూర గురించి కాదు, విమానం గురించి!

నవ్వకండి. మా మరిది టెక్సాస్‌లో ఉంటాడు. ఆరేళ్ళు కష్టపడి ఇంటి గరాజ్‌లో రెండు సీట్ల విమానం కట్టుకున్నాడు. ఆర్‌వి-7 అంటారు దాన్ని. రేకులు, విడిభాగాలు ఆరెగన్ రాష్ట్రంలోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ నుంచి పెట్టెల్లో వస్తాయి. ఇంజను వేరే కొనుక్కోవాలి. అమెరికాలో ఇలా కట్టుకోవడం చట్టం ఒప్పుకున్న పనే. కాకపోతే సగానికి మించిన పని, సరదాకో నేర్చుకోవడానికో కట్టేవాళ్ళే స్వయంగా చేసి ఉండాలని వాళ్ళ విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నియమం. అలాంటి విమానం మీద 'ఎక్స్‌పెరిమెంటల్' అని రాసి తీరాలి. లోపల కూర్చునేవాళ్ళకి కనబడేలా ఒక హెచ్చరిక కూడా అంటించాలి. ఇది ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానాల భద్రతా నిబంధనలకు సరిపోయేది కాదు అని. నా తోడికోడలు ఎగిరిన ప్రతిసారీ ఆ హెచ్చరికను చూస్తూనే కూర్చుంటుంది.

ఈ విమానాలకి పన్నెండు నెలలకొకసారి తనిఖీ తప్పనిసరి. 'కండిషన్ ఇన్‌స్పెక్షన్' అంటారు. ఏమేం చూడాలో ఎఫ్ఏఏ నిబంధనల్లో 43వ భాగం, అనుబంధం-డి చెబుతుంది. ఇంజను మీది మూత ఊడదీస్తారు. రెక్కల కింద, తోక దగ్గర ఉన్న చిన్న చిన్న రేకు మూతలన్నీ విప్పుతారు. పాత ఆయిలు దించేసి, ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, అందులో ఇనుప రజను ఏమైనా ఉందేమో చూస్తారు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్ గాలి పట్టి ఉంచుతోందో లేదో కొలుస్తారు. చక్రాలు, బ్రేకులు, పెట్రోలు గొట్టాలు, రెక్కల చివర కదిలే పలకల బందులు, వాటిని తిప్పే కడ్డీలు, ప్రతి నట్టూ, ప్రతి పిన్నూ చూడాలి. అంతా అయ్యాక, సురక్షితంగా ఎగరగల స్థితిలో ఉందని లాగ్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి.

ఆ సంతకం ఎవరు పెట్టాలి? విమానాన్ని ముఖ్యంగా కట్టినవాళ్ళు దరఖాస్తు చేసుకుంటే ఎఫ్ఏఏ వాళ్ళకి 'రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్' ఇస్తుంది. అది ఒక్క ఆ విమానానికే, ఒక్క మనిషికే. అది ఉంటే తన తనిఖీ తానే చేసుకుని తానే సంతకం పెట్టుకోవచ్చు. మా మరిది దగ్గర అది ఉంది.

వాదన ఇక్కడే మొదలైంది. ఒక ఆదివారం పొద్దున్నే తోడికోడలు ఫోన్ చేసింది. "అక్కా, ఈసారి బయటివాళ్ళనెవరినైనా పిలిచి చూపించమంటే వినడం లేదు. నేను కట్టినదాంట్లో నాకు తెలియనిదేముంటుంది అంటున్నారు" అంది. మా అత్తయ్య పక్కనుంచి, "నిజమే కదే, కట్టినవాడికంటే ఎవరికి తెలుస్తుంది? ఎగరబోయే ముందు ఈ అపశకునం మాటలెందుకు?" అన్నారు. మావారు పేపరు మడిచి, "వాళ్ళ చట్టమే ఒప్పుకుంటోందిగా" అని తేల్చేశారు. నేను తోడికోడలి పక్షం. ఎందుకో చెబుతాను.

నారాయణగూడ రెడ్డి కాలేజీలో బీఏ తెలుగు అయ్యాక, పెళ్ళికి ముందు రెండేళ్ళు చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు కాగితం చూస్తూ దిద్దాలి. పుస్తకం రాసినాయన ఎంత పండితుడైనా సరే, ఆఖరి ప్రూఫు ఆయన ఒక్కడి చేతిలో పెట్టేవాళ్ళం కాదు. ఆయన కాగితం మీద ఉన్నది చదవడు, తన మనసులో ఉన్నది చదువుతాడు. 'కళ' అని రాయాలనుకున్నాడు కాబట్టి 'కల' అని పడినా ఆయనకి 'కళ' అనే కనబడుతుంది. అది తెలివితక్కువతనం కాదు, పరిచయం ఎక్కువైపోవడం. అచ్చుతప్పు అయితే పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేసుకుంటాం. విమానానికి ఆ వీలుందా?

చట్టం ఒప్పుకోవడం వేరు, అది చాలడం వేరు. ఇదే విమానాన్ని మరిది రేపు ఎవరికైనా అమ్మాడనుకోండి, ఆ సర్టిఫికెట్ కొన్నవాళ్ళకి రాదు. చాలాకాలం అలా కొన్నవాళ్ళు ఏటా లైసెన్సున్న మెకానిక్కును వెతుక్కోవలసి వచ్చేది. ఇంట్లో కట్టిన విమానమంటే వెనకాడే మెకానిక్కులు ఉంటారు కాబట్టి ఆ వెతుకులాట అంత సులువుగా ఉండేది కాదు. అంటే అదే విమానం, అవే నట్లు, యజమాని మారగానే బయటి కన్ను తప్పనిసరి అయిపోయేది. విమానానికి ఆ కన్ను అవసరమైతే మొదటి యజమాని ఉన్నప్పుడూ అవసరమే కదా?

బ్రిటన్‌లో అయితే ఇంట్లో కట్టిన విమానాలకి ఏటా ఎగిరే అనుమతిని పొడిగించుకోవాలి. దానికి లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్ చూడాల్సిందే. కేరళ నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన అశోక్ అలిసెరిల్ అనే ఇంజనీరు లాక్‌డౌన్ రోజుల్లో కుటుంబం చేయూతతో నాలుగు సీట్ల విమానం కట్టి, చిన్న కూతురు దియా పేరు పెట్టుకున్న సంగతి 2022లో మన పేపర్లలోనూ వచ్చింది. కూతురి పేరు పెట్టుకున్నదాన్ని పరాయివాడు టార్చిలైటుతో వెతుకుతుంటే మనసుకి ఎలా ఉంటుందో! అయినా అక్కడ అది మామూలే.

మన దేశంలో ఇంట్లో కట్టిన విమానమే అపురూపం. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ తాముండే భవనం డాబా మీద విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. డీజీసీఏ రిజిస్ట్రేషన్ 2017లో గాని రాలేదు. మనకి కాగితం రావడమే కష్టం, అమెరికాలో సంతకం మరీ సులువు. రెండింటి మధ్యలో మనిషి చేసుకోవలసిన పని ఒకటుంది. సాయం అడగడం.

అడగడానికి అక్కడ చోటు లేక కాదు. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అని 1953లో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన విస్కాన్సిన్‌లో మొదలుపెట్టిన సంఘం ఉంది. తొలి రోజుల్లో దాని ఆఫీసు వాళ్ళింటి కింది గదే. ఉత్తరాలు, సభ్యత్వాలు, లెక్కలు చూసుకున్నది ఆయన భార్య ఆడ్రీ. ఇవాళ ఆ సంఘానికి ఊరూరా శాఖలున్నాయి. 'టెక్నికల్ కౌన్సెలర్లు' అని అనుభవమున్న స్వచ్ఛంద సేవకులున్నారు. ముఖ్యంగా కట్టే రోజుల్లో వచ్చి చూసి ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెబుతారు. డబ్బు తీసుకోరు, తీర్పులివ్వరు. అలాంటివాళ్ళ ద్వారా ఏటా తనిఖీకి తోడు ఒకరిని సంపాదించుకోవడం పెద్ద పని కాదు. నోరు తెరిచి అడగడమే పెద్ద పని.

ఇక్కడ ఇంకో చిక్కుంది. సాయమంటే ఎవరి సాయం? మరిది మొదట, "సరే, మా ఫ్రెండు వస్తాడులే" అన్నాడట. అతనికీ విమానం ఉంది, తెలిసినవాడే. కానీ నిన్న వాళ్ళింట్లో బిర్యానీ తిని, ఇవాళ వాళ్ళ హ్యాంగర్‌లో నిలబడి "మీ బోల్టు వదులుగా ఉందండీ" అనడం మనవాళ్ళకి ఎంత కష్టమో మీకు చెప్పాలా? కాఫీ తాగి, చుట్టూ ఒకసారి తిరిగి, "సూపర్‌గా ఉంది గురూ" అని వెళ్ళిపోతారు. కట్టినవాడి కంటికి ప్రేమ అడ్డం, స్నేహితుడి నోటికి మొహమాటం అడ్డం. ఈ రెండూ లేని మనిషి కావాలి.

"ఇద్దరు చూస్తే బాధ్యత పలచబడుతుంది, నువ్వు చూశావనుకున్నాను అంటే నువ్వు చూశావనుకున్నాను అంటారు" అని మావారు ఒక పాయింటు లేవదీశారు. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. పెళ్ళిళ్ళలో పెద్దలంతా ఉండి తాళిబొట్టు ఎవరూ తేకపోవడం లాంటిదది. అందుకే సంతకం ఒక్కరిదే ఉండాలి, చూపులు మాత్రం రెండు వేరువేరుగా ఉండాలి. వచ్చినవాళ్ళు కట్టినవాడి వెనకాలే తిరక్కూడదు. ఒకరు ముక్కు నుంచి మొదలుపెడితే ఇంకొకరు తోక నుంచి మొదలుపెట్టాలి. కట్టినవాడు "అది నేను చూసేశాను" అనకూడదు. వచ్చినాయన రోజంతా శ్రమపడితే ఊరికే పంపకూడదు కూడా. ఫీజు తీసుకుంటే ఫీజు, లేదంటే కడుపునిండా భోజనం.

మరి ఇల్లాలు? నా బాధంతా ఇక్కడే. రేకుల విమానానికి రివెట్లు కొట్టాలంటే చాలాచోట్ల ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బయటనుంచి గన్నుతో కొడుతుంటే, ఇంకొకరు లోపల ఇనుప దిమ్మను రివెటు తోకకి ఆనించి గట్టిగా పట్టుకోవాలి. ఆరేళ్ళపాటు ఆ దిమ్మ పట్టుకున్నది నా తోడికోడలు. మోచేతులు గీసుకుపోయి, చలికాలం రాత్రుళ్ళు వేల కొద్దీ రివెట్లకి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. సర్టిఫికెట్ మాత్రం ఒక్క మనిషికే. చట్టాన్ని తప్పుపట్టడం లేదు, సంతకానికి ఒకరే ఉండాలని నేనే అన్నాను. కానీ సంతకం లేనంత మాత్రాన మాట కూడా లేకుండా పోతుందా? పక్క సీట్లో కూర్చునే మనిషికి "ఈ ఏడు దీన్ని ఇంకెవరు చూశారు?" అని అడిగే హక్కు లేదా? అలా అడిగితే అది అపశకునం ఎలా అవుతుంది?

నేను మరిదితో ఒకటే అన్నాను. "నీ పనితనం మీద అనుమానం ఉంటే ఆ పిల్ల నీ పక్కన కూర్చునేదే కాదు. నమ్మకం ఉంది కాబట్టే అడుగుతోంది." అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చూస్తాలే వదినా" అన్నాడు.

చివరికి వాళ్ళ ఊరి శాఖ ద్వారా ఒక పెద్దాయన వచ్చారు. ఎయిర్‌లైన్స్‌లో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి, వీళ్ళతో ముందు పరిచయం లేదు. తోడికోడలు జాబితా చేతిలో పట్టుకుని ఒక్కొక్కటీ పైకి చదివిందట. ఆయన చెయ్యి పెట్టి చూసి ఔనన్నాకే టిక్కు పెట్టిందట. మా ప్రెస్సు పద్ధతే! మధ్యాహ్నానికి ఒకటి దొరికింది. ఇంజను వెనకాల ఒక రబ్బరు గొట్టం ఇనుప చట్రానికి ఆనుకుని, అదురుకి రుద్దుకుని, పైపొర అరిగింది. మరిది అక్కడ లైటు వేసి చూశాడు. ఆ గొట్టం తనే బిగించాడు కాబట్టి అక్కడ ఖాళీ ఉందని అతనికి తెలుసు. తెలుసు కాబట్టి ఖాళీయే కనబడింది.

గొట్టం మార్చారు, కాస్త దూరంగా జరిపి క్లాంపు వేశారు. అది అప్పుడే తెగిపోయేదని నేననను. ఇంకో ఏడాది ఆగేదేమో కూడా. అసలు ఏమీ దొరక్కపోయినా ఆయన్ని పిలవడం సరైన పనే అయ్యేది. ఏదో దొరికింది కాబట్టి పిలవడం మంచిదైంది అనుకుంటే, దొరకని ఏడాది "చూశావా, అనవసరంగా పిలిచాం" అంటాం. ఆ పై ఏడాది పిలవడం మానేస్తాం. ఏటా జరిగే తనిఖీలన్నీ చెడిపోయేది ఇలాగే. మన ఒంటికి చేయించుకోవలసిన పరీక్షలు కూడా, పోయినసారి అన్నీ నార్మల్ వచ్చాయి కదా అని దాటవేసేవాళ్ళం మనలో ఎంతమంది లేరు?

అందుకని, ఆకాశంలో ఎగిరేదైనా వంటింట్లో వెలిగేదైనా, ఇంటివాళ్ళ ప్రాణం ఆనుకుని ఉన్న వస్తువును ఇంటివాళ్ళొక్కరే చూసి సరిపెట్టకండి. తెలిసిన పరాయివాళ్ళని పిలవండి. మీరు జాబితా పట్టుకుని పక్కన నిలబడండి. ఎవరైనా "నీకేం తెలుసు" అంటే, "తెలియదు కాబట్టే తెలిసినవాళ్ళని పిలుద్దామంటున్నాను" అనండి. మా అత్తయ్య ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వచ్చే ఏడాది తనిఖీ తారీఖు మాత్రం గోడమీద కాలెండర్ చివరి పేజీలో తనే రాయించుకున్నారు.