ఊరు పెరుగుటయా, చెదరుటయా?

చెన్నపట్టణమున తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములవారికి ఒక మాట మనవి చేయదలచితిమి. నేడు మనవారు నలుగురు కూడిన చోట వినవచ్చు ముచ్చట యొక్కటే: తాంబరమున కావల స్థలము కొంటిమి, చెంగల్పట్టు బాటలో ఇల్లు కట్టితిమి అని. కొన్నవారిని మేము నిందింపము. పట్టణము నడుమ తగిన వెలకు ఇల్లు దొరకనప్పుడు వారేమి చేయుదురు? మా నింద యెల్ల ఆ స్థితిని కల్పించిన విధానము మీదనే.

మన పెద్దలు ఇట్లు చెదరి బ్రదుకలేదు. జార్జిటౌనులో క్రింద అంగడి, మీద కాపురము. గుడియు, బడియు, బజారును నడక దూరముననే యుండెడివి. 1920 పట్టణ నిర్మాణ చట్టము వచ్చిన పిమ్మట, పానగల్ రాజావారు ముఖ్యమంత్రిగా నున్న దినములలో, మాంబళము రైలు స్టేషను చెంత త్యాగరాయనగరము వెలసినది. ఆ పేటకు పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరును, దాని నడిమి పార్కునకు రాజావారి పేరును నిలిచినవి. ఇరువురును తెలుగువారే. 1931లో బీచి స్టేషను నుండి తాంబరము వరకు విద్యుత్ రైలు నడచినది. రైలు దిగి కాలినడకను ఇల్లు చేరదగిన పేట అది. దానికై చెరువును పూడ్చిరనుట నిజమే. ఆ తప్పు మరల చేయవలసిన పనిలేదు.

కాని చేయుచునే యున్నాము. పట్టణము దక్షిణమునకు ప్రాకినకొలది పళ్లికరణై చిత్తడినేల కుంచించుకొని పోయినది. నీటికి చోటు లేకున్న నేమగునో 2015 డిసెంబరు వరదలలో కన్నులార చూచితిమి. అయినను 2022లో మహానగర పరిధిని 1,189 చదరపు కిలోమీటర్ల నుండి 5,904కు పెంచిరి. ఆ మేర యంతయు ఇండ్లు విసరివేసినచో, ప్రతి యింటికిని నీటి గొట్టము, మురుగు కాలువ, బస్సు ఎవరు సమకూర్పగలరు?

ఒత్తుగా కట్టిన రోగములు ప్రబలునని కొందరందురు. ఇరుకు వేరు, ఒత్తు వేరు. ఒక గదిలో పదిమంది పడియుండుట ఇరుకు. నాలుగంతస్తుల ఇంట నాలుగు కుటుంబములు గాలి వెలుతురులతో నుండుట ఇరుకు కానేరదు.

ఇందు మన భాష బ్రదుకును ఇమిడియున్నది. ఆదివారపు తెలుగు తరగతికి రెండు గంటలు ప్రయాణము చేసి ఏ బిడ్డ వచ్చును? బండి నడపలేని అవ్వ సాయంకాలపు హరికథ కెట్లు రాగలదు? ఇరుగుపొరుగున వినబడని భాష ఇంటిలో ఎంతకాలము నిలుచును?

కావున మేము కోరునది స్పష్టము. 2015 నుండి నడచుచున్న మెట్రోకును, పాత రైలు స్టేషన్లకును పది నిమిషముల నడకలో అంతస్తుల ఇండ్లు కట్టనిండు. క్రింద అంగళ్లుండనిండు. చిన్న సంసారులకు, కూలివారికి అందు చోటుండవలెను. నడచువారికి నిరాటంకమైన కాలిబాట యుండవలెను. నీరు, మురుగుకాలువ ముందుగా ఏర్పడవలెను.

మన వంతును కలదు. పొరుగున పాత ఇల్లు తీసి నాలుగంతస్తులు కట్టబూనినప్పుడు అభ్యంతరపత్రముపై చేవ్రాలు చేయువారిలో మనవారు లేకపోలేదు. నేను చేరితిని, ఇక తలుపు మూయుడనుట న్యాయము కాదు. మన పూర్వులకు ఈ పట్టణము తలుపు తెరచినందుననే మనమిక్కడ నున్నాము.