కూడిక – కైంకర్యము

1901లో కొందరు మిత్రులు హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి యింట కూడిరి. ఆ కూడికనుండి వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నేటికిని సుల్తాన్‌బజారులో నిలిచియున్నది. 2009 ఫిబ్రవరి 12న ట్విట్టరు మిత్రులు 200కు పైగా నగరములలో ‘ట్వెస్టివల్’ పేరిట కలిసికొని, పేదలకు మంచినీటి వసతికై సుమారు 2,50,000 డాలర్లు కూర్చిరి. ఒకనాటి చందాయు ఘనమే. నిలుకడ గల సేవ అంతకంటె ఘనము.

వారాసిగూడ చెంతనే ఉస్మానియా విశ్వవిద్యాలయ మున్నది. చుట్టును సామాన్యుల ఇండ్లు. కంప్యూటరు వృత్తిలోని యువకులు తేనీటివేళ పరిచయములు పెంచుకొనుట తప్పు కాదు; కొలువునకు పరిచయమును కావలయును. కాని విందు మిగులును విదిలించుట దానము కాదు. వారియొద్ద ధనముకంటె మిక్కుటముగా నున్నది విద్య. నెలకొక సాయంకాలము పొరుగుబడి పిల్లలకు దానిని పంచినచో ఆ కూడిక సార్థకము. లేనిచో విజిటింగు కార్డుల మార్పిడి మాత్రమే.