పట్టా సమానమే, దిద్దేవారెవరు?

దూరవిద్యలో గణితం ఎమ్మెస్సీ పూర్తిచేసిన ఉపాధ్యాయుడంటే మన కళాశాలల స్టాఫ్‌రూముల్లో నేటికీ ఒక చిన్నచూపు ఉంది. "రెగ్యులరా, డిస్టెన్సా?" అన్న ప్రశ్న కుశలప్రశ్నల కంటే ముందు వస్తుంది. చట్టం దృష్టిలో ఆ ప్రశ్నకు విలువ లేదు. అనుమతి ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా గానీ, అంతర్జాలం ద్వారా గానీ ఇచ్చిన పట్టా, తరగతి గదిలో కూర్చుని చదివిన పట్టాతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టంగా ప్రకటించింది. హమ్మయ్య, వివాదం తీరింది అనుకున్నవారు చాలామందే ఉన్నారు. పట్టాల వివాదం తీరింది నిజమే. గణితం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఈ చదువుల అవసరాన్ని నేను శంకించడం లేదు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఒక స్కూల్ అసిస్టెంటు జూనియర్ లెక్చరరు కావాలంటే పీజీలో కనీసం 50 శాతం మార్కులుండాలి. డిగ్రీ కళాశాలకు వెళ్ళాలంటే 55 శాతం, ఆపైన నెట్ గానీ సెట్ గానీ, లేదా పీహెచ్‌డీ. (కొన్ని వర్గాలకు మార్కుల సడలింపు ఉంది.) జీతం మీద ఆధారపడిన సంసారాన్ని వదిలి రెండేళ్ళు హాస్టల్లో ఉండి రమ్మని ఆయనకు ఏ ముఖంతో చెబుతాం? ఇటువంటివారి కోసమే కదా దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులో పుట్టింది! పైగా ఇప్పుడు పాఠాలకు కరువు లేదు. ఐఐటీ ఆచార్యుల ఉపన్యాసాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అర్ధరాత్రి పిల్లలు పడుకున్నాక వినవచ్చు, అర్థం కానిచోట పదిసార్లు వెనక్కి తిప్పవచ్చు.

నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ ఉపాధ్యాయుడు రాసిన నిరూపణను చదివేదెవరు?

ఒక ఉదాహరణ చెబుతాను. ప్రతి వాస్తవసంఖ్యకూ దాని వర్గాన్ని జతచేసే ప్రమేయం ఉంది. అది ప్రతి బిందువు వద్దా అవిచ్ఛిన్నమని చూపాలి. 'అ' అనే బిందువు వద్ద ఎప్సిలాన్ ఇస్తే, దానిని 'అ' పరమమూల్యానికి రెట్టింపు కంటే ఒకటి ఎక్కువైన సంఖ్యతో భాగించి, ఆ ఫలితానికీ 1కీ మధ్య చిన్నదాన్ని డెల్టాగా తీసుకుంటే చాలు. నిరూపణ సక్రమమే. తరువాతి లెక్కలో, ఇదే ప్రమేయం వాస్తవరేఖ అంతటా ఏకరూప అవిచ్ఛిన్నమా అని అడిగారు. మన విద్యార్థి అదే డెల్టాను మళ్ళీ రాసి "అవును" అని తేల్చేశాడు. ఆ డెల్టా లోపల 'అ' దాక్కుని ఉంది. బిందువు దూరంగా జరిగేకొద్దీ డెల్టా చిన్నదైపోతుంది, కనుక అన్ని బిందువులకూ సరిపోయే ఒకే డెల్టా ఎన్నటికీ దొరకదు. ఎవరో ఒకరు ఆ అక్షరం కింద ఎర్రసిరాతో గీతగీసి "ఇది ఇక్కడికెలా వచ్చింది?" అని రాసి పంపితే, ఆ మనిషి దాన్ని జన్మలో మరచిపోడు. ఎవరూ రాయకపోతే "కాదు" అన్న జవాబును మాత్రం బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతాడు. రేపు అదే పాఠాన్ని బీఎస్సీ పిల్లలకు చెబుతాడు, వాళ్ళలో ఒకరు లేచి "ఎందుకు కాదు సార్?" అంటారు.

"అసైన్‌మెంట్లు ఉన్నాయి కదా!" అనవచ్చు. నేను చూసినవాటిలో కొన్ని చివర టిక్కు, పక్కన మార్కు, మధ్యలో నిశ్శబ్దం. ఇక కృత్రిమ మేధ క్షణంలో నిరూపణ రాసిపెట్టే ఈ రోజుల్లో, ఇంటి దగ్గర రాసిన కాగితం దేనికి సాక్ష్యం? "నెట్ ఉంది కదా, రానివాడు అక్కడ ఆగిపోతాడు" అని మరో వాదన. గణితశాస్త్ర నెట్‌లో మూడో భాగం కఠినమైనదే, సరైన ఐచ్ఛికాలన్నీ గుర్తిస్తే తప్ప మార్కు రాదు. అయినా అక్కడ కూడా గుర్తించడమే, నిరూపణ రాయడానికి చోటే లేదు. అంటే అంతర్జాలంలో ఎమ్మెస్సీ చేసి, నెట్ కూడా గట్టెక్కి, తన తర్కాన్ని ఒక్క మనిషి చేతకూడా సరిగా దిద్దించుకోకుండానే అధ్యాపకుడు కావచ్చు. (రెగ్యులర్ విభాగాల్లో మాత్రం దిద్దుతున్నారా అని మీరడగబోతున్నారు. చాలాచోట్ల లేదు. కానీ అక్కడ కారిడార్‌లో నిలబెట్టి అడగడానికి ఒక గురువైనా ఉంటాడు.)

"పాపం, ఉద్యోగస్తులు, అంత కష్టపెట్టకూడదు" అనే జాలి నాకు అన్నిటికంటే పెద్ద అవమానంగా తోస్తుంది. పదిహేనేళ్ళు పిల్లల పరీక్షపత్రాలు దిద్దినవాడికి తన పత్రం దిద్దించుకునే ఓర్పు ఉండదా?

అడగవలసింది పెద్ద కోరికేమీ కాదు. ప్రతి పేపరుకూ ఆరేడు నిరూపణలు చేత్తో రాయించి, ఫోటో తీయించుకుని, మనిషి చేత వరుసవరుసా దిద్దించి, తిరిగి రాయించాలి. సెమిస్టరుకొకసారి అరగంట, కెమెరా ముందు తెల్లబోర్డు మీద ఒక సిద్ధాంతాన్ని నిరూపించమని, మధ్యలో ఆపి ప్రశ్నించాలి. దీనికి దిద్దేవారు కావాలి, వారికి జీతాలివ్వాలి. విశ్వవిద్యాలయాలు వెనుకాడేది ఇక్కడే. ఫీజు కట్టబోయే ఉపాధ్యాయ మిత్రులు ప్రవేశాల విభాగానికి ఫోను చేసినప్పుడు, పట్టా చెల్లుతుందా అన్న ప్రశ్నతో పాటు, నా నిరూపణలు ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు అని కూడా అడగండి. జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.