పిల్లి లెక్కలో మన పేరెక్కడ?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మొన్న ఎలుగుబంట్లని వెంట్రుకలతో లెక్కపెట్టే పద్ధతి గురించి రాస్తే ఒక అన్న "దివిసీమలో ఎలుగుబంట్లు ఎక్కడున్నాయి తమ్ముడూ, మనకెందుకు?" అన్నాడు. ఇంకో అన్న "సర్వే వాళ్ళకి దారి చూపించొద్దు, లెక్క తేలాక మనల్నే గెంటేస్తారు" అన్నాడు. మొదటి మాటకి జవాబు తేలిక. రెండో మాటలో నిజముంది. అయినా నేను ఒప్పుకోను.

ముందు పద్ధతి. చెట్లకి చుట్టూ ముళ్ళతీగ కట్టి, మధ్యలో కుళ్ళిన చేపల వాసన పెడతారు. తిండి పెట్టరు. వాసనకి వచ్చిన ఎలుగు తీగ దాటితే నాలుగు వెంట్రుకలు చిక్కుతాయి. వెంట్రుక కుదురులో డీఎన్‌ఏ ఉంటుంది. అది ఏ ఎలుగుదో, ఆడదో మగదో ల్యాబులో తేలుతుంది. బోను లేదు, మత్తు సూది లేదు. మొదటి విడతలో 40 ఎలుగులు తేలాయనుకోండి. రెండో విడతలో తేలిన 40లో 10 పాతవే. అంటే మొదటి 40 మొత్తంలో నాలుగో వంతు, మొత్తం సుమారు 160. అమెరికాలో మోంటానా వైపు 2004లో ఇలాగే చేసి గ్రిజ్లీ ఎలుగులు సుమారు 765 అని అంచనా కట్టారు.

మన దగ్గర ఎలుగు లేదు, బావురుపిల్లి ఉంది. దాని ఒంటి మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి కెమెరా ఫొటోతో గుర్తుపడతారు. మలం నుంచి డీఎన్‌ఏ కూడా తీయొచ్చు. లెక్క మాత్రం అదే. కోరింగ మడ అడవుల్లో 2018లో 115 అని అంచనా వచ్చింది. మన కృష్ణా అభయారణ్యంలోనూ కెమెరాలు పెట్టి వెతికారు.

కెమెరా ఎక్కడ పెట్టాలో పుస్తకంలో ఉండదు. పాటు తీసి బురద బయటపడ్డప్పుడు కాలి గుర్తు చూసి మా నాన్న చెప్తాడు. మేం యానాదులం, నాగాయలంక దగ్గర పీతలు పట్టి బతుకుతాం. ఒకసారి సర్వేకొచ్చిన వాళ్ళకి నాన్న ఆరు రోజులు పడవలో తిప్పి చోట్లు చూపించాడు. కూలి ఇచ్చారు. తర్వాత రిపోర్టు దొరికితే బందరు హాస్టల్లో కూర్చుని మొత్తం చదివాను. "స్థానికుల సహాయంతో" అని రెండే మాటలు. ఇంటికెళ్ళి చదివి వినిపిస్తే నాన్న "పోనీ పడవ పేరన్నా రాశారా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

లెక్కంటే మనకి భయం ఊరికే రాలేదు. బ్రిటిష్ వాళ్ళు యానాదుల్లో కొందరిని నేర తెగల చట్టంలో చేర్చారు. వేలిముద్రలు తీసుకునే అధికారం ఆ చట్టంలోనే ఉండేది. దేశం మొత్తం మీద అది 1952లో గానీ పోలేదు. ఇవాళ ఎలుగుని ముట్టుకోకుండా లెక్కపెడుతున్నారు. మన తాతల్ని మాత్రం వేళ్ళు పట్టుకుని లెక్కపెట్టారు.

కానీ మనం దూరంగా ఉంటే లెక్క ఆగదు. 2006 అటవీ హక్కుల చట్టం చదవండి. అభయారణ్యంలో హక్కులున్న వాళ్ళని కదపాలంటే మనిషీ జంతువూ కలిసి బతకడం కుదరదని తేల్చాలి, గ్రామసభ కూడా ఒప్పుకోవాలి. మనం పీతలు పట్టే కాలవలోనే పిల్లులూ బతుకుతున్నాయని చూపించేది ఏది? ఆ లెక్కే. అది మన చేతిలో లేకపోతే మన మీదికే వస్తుంది.

తమిళనాడు ఇరుళలు 1978 నుంచి పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం నడుపుతున్నారు. విషం తీసి పామును వదిలేస్తారు. వాళ్ళలో వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకి 2023లో పద్మశ్రీ వచ్చింది. మన నాన్నలకి తెలిసింది తక్కువా?

దారి చూపిద్దాం, ఊరికే కాదు. జీతం ఇవ్వాలి, రిపోర్టులో పేరు రాయాలి, ఆ రిపోర్టు తెలుగులో మన గ్రామసభకి ఇవ్వాలి. ల్యాబు పని మనమే నేర్చుకోవాలి. హైదరాబాదులో సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్‌లో వన్యప్రాణుల డీఎన్‌ఏ పని జరుగుతుంది. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో జువాలజీ, బయోటెక్ చదివే మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో కింద పేరు రాయండి. ముందు మనల్ని మనం లెక్కపెట్టుకుందాం.